సరిచూసినవారి సంతకం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు రెండు రోజులు ఆలోచించాను. పే రివిజన్ల గురించి, సమ్మెల గురించి రాయడానికి నాకంటె అనుభవజ్ఞులు మనలో చాలామంది ఉన్నారు. చివరకు ముప్పై ఆరేళ్ళు నేను జీతం తీసుకున్న పని గురించే రాయాలనిపించింది. ఆ పని పేరు సరిచూడడం. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు చదివి, అసలుతో పోల్చి, తప్పుంటే పట్టుకోవడం. మనం దఫ్తర్లలో చేసిన ఈ పనికే సాఫ్ట్‌వేర్ రంగంలో టెస్టింగ్ అని పేరు. దానికి ఒక చరిత్ర ఉంది. అందులో మన హైదరాబాదుకు, మన తెలుగు అక్షరానికి కూడా చోటుంది.

మా ఊరు చంద్లాపూర్. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 అక్టోబరు 11 నుండి సిద్దిపేట జిల్లా. మా రంగనాయకస్వామి గుట్ట చుట్టూ కాళేశ్వరం ప్రాజెక్టులో భాగంగా 3 టీఎంసీల జలాశయం కట్టారు. దానికి రంగనాయక సాగర్ అని పేరు పెట్టారు. 2020 ఏప్రిల్ 24న పంపులు నడిపి అందులోకి నీళ్ళు ఎత్తిపోశారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో చదువురాని వాళ్ళ నోట కూడా రెండు మాటలు ఆడేవి: డ్రై రన్, వెట్ రన్. నీళ్ళు లేకుండా మోటారును తిప్పి చూడడం మొదటిది, నీళ్ళతో నడిపి చూడడం రెండవది. ఈ రెండూ అయిన తర్వాతనే అసలు పని.

అప్పుడు లాక్‌డౌన్. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మా అన్న కొడుకు ఊరికి వచ్చి ఇంటినుంచే పని చేస్తున్నాడు. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, "నీ పనేందిరా?" అని అడిగాడు. "వేరేటోళ్ళు రాసిన ప్రోగ్రాంల తప్పులు దేవులాడుడు" అన్నాడు మావాడు. అందరూ నవ్వారు, అదీ ఒక పనేనా అని. నేను నవ్వలేదు. "మేం చేసింది గూడ అదే గదరా" అన్నాను. "అవు చిన్నబాపూ, మీ ఆఫీసుల కతలు చెప్పరాదు, మా వాళ్ళకు చెప్త" అన్నాడు. ఆనాటి మాటలే ఈ వ్యాసానికి మూలం.

దఫ్తరులో ముకాబలా

పాత హైదరాబాదు రాష్ట్రపు ఉర్దూ దఫ్తర్ల నుండి మనకు వచ్చిన మాటల్లో ముకాబలా ఒకటి. నకలును అసలుతో పోల్చి చూడడమని దాని అర్థం. నేను ఉద్యోగంలో చేరిన 1972 నాటికి దఫ్తరు భాష మారింది గాని పాత గుమాస్తాల నోట ఆ మాట ఇంకా ఉండేది. పద్ధతి మీ అందరికీ తెలిసినదే. ఒకరు అసలు పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు నకలు మీద వేలు పెట్టి చూడాలి. నకలు రాసినవాడే సరిచూడరాదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ఈ పద్ధతి మరీ కట్టుదిట్టంగా ఉండేది. దస్తావేజును ఒకటవ పుస్తకంలోకి చేత్తో ఎత్తి రాసేవారు. రాసినవారి సంతకం, చదివినవారి సంతకం, సరిచూసినవారి సంతకం వేరువేరుగా ఉండేవి. దస్తావేజులో కొట్టివేతలు, వరుసల మధ్య రాతలు, తుడుపులు ఉంటే వాటికి రాసిచ్చినవారి సంతకం గాని పొడి అక్షరాలు గాని ఉండాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతుంది. సర్వీసు రిజిస్టరులోనూ అంతే. తప్పు పడితే గీకి చెరపరాదు. పాతది కనపడేటట్టు ఒక గీత కొట్టి, పక్కన కొత్తది రాసి, అధికారి సంతకం చేయించాలి. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, అంతకు ముందు ఏముండె అనేది పోకూడదని దాని ఉద్దేశ్యం.

ఇది విని మావాడు ఆశ్చర్యపోయాడు. ప్రోగ్రాం రాసేవాళ్ళు కూడా ఏ వరుసను ఎవరు ఎప్పుడు మార్చారో పోకుండా దాచే సాధనాలను వాడతారట. అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో 1972లో ఎస్‌సీసీఎస్ అనే సాధనం వచ్చింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ అనే సాధనాన్ని తయారు చేశాడు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది అదే. "పాత వరుస పోదు చిన్నబాపూ, కొట్టేసినా కనపడ్తది" అన్నాడు. మన సర్వీసు రిజిస్టరు ధర్మమే అది.

జారిపోయిన ఒక గీత

నకలులో తప్పు ఎంత నష్టం తెస్తుందో చెప్పడానికి ప్రపంచ చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1962 జూలై 22న అమెరికా శుక్రగ్రహం వైపు మారినర్-1 అనే నౌకను పంపింది. దాన్ని మోసుకుపోతున్న రాకెట్టు దారి తప్పింది. బయలుదేరిన అయిదు నిమిషాలలోపే దాన్ని భూమి మీద నుండే పేల్చివేయవలసి వచ్చింది. రాడార్ సంకేతం సరిగా అందకపోవడం ఒక కారణం కాగా, రెండవ కారణం మన గుమాస్తాలకు బాగా తెలిసినదే. రాకెట్టును నడిపే లెక్కల సూత్రాన్ని చేతిరాత నుండి ఎత్తి రాయడంలో ఒక అక్షరం నెత్తిన ఉండవలసిన చిన్న అడ్డగీత జారిపోయింది. కంప్యూటరు తనకిచ్చిన నకలును తు.చ. తప్పకుండా పాటించింది. ఆ నకలుకు ముకాబలా సరిగా జరగలేదు.

కంప్యూటరు తప్పులను పురుగు అనే అర్థంలో బగ్ అంటారు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మార్క్-2 యంత్రంలో నిజంగానే ఒక చిమ్మట చిక్కుకుని దొరికితే దాన్ని లాగ్ బుక్కులో అంటించి పెట్టారు. యంత్రాల లోపాలను బగ్ అనడం అంతకు ముందు నుండే ఉంది గనుకనే, నిజం పురుగు దొరికిందని సరదాగా రాసుకున్నారు. ఆ యంత్రం దగ్గర పనిచేసిన గ్రేస్ హాపర్ అనే విదుషీమణి ఈ కథను లోకానికంతా చెప్పింది.

చాలాకాలం ప్రోగ్రాం రాసినవారే దాన్ని పరీక్షించుకునేవారు. 1979లో గ్లెన్‌ఫోర్డ్ మయర్స్ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్ పరీక్ష మీదనే ఒక పుస్తకం ప్రచురించి, ఎవరి ప్రోగ్రాంను వారే పరీక్షించరాదని గట్టిగా చెప్పాడు. రాసినవాడి కన్ను తాను రాయదలచుకున్నదే చూస్తుంది గాని రాసినది చూడదు. మన దఫ్తరు సూత్రం అదే గదా! హాలెండుకు చెందిన డైక్‌స్ట్రా అనే శాస్త్రవేత్త అంతకు ముందే ఇంకొక మాట చెప్పాడు. పరీక్ష వల్ల తప్పులున్నాయని రుజువు చేయవచ్చు గాని, ఇక తప్పులే లేవని రుజువు చేయలేమని దాని సారాంశం. ఆడిటు వాళ్ళు పోయిన తర్వాత కూడా రిజిస్టరులో తప్పు బయటపడిన సందర్భాలు మనకు కొత్త కాదు.

హైదరాబాదుకు కంప్యూటర్ల రాక

హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థ టీడీసీ పేరుతో స్వదేశీ కంప్యూటర్లు తయారు చేసింది. సామాన్యునికి మాత్రం కంప్యూటరు మొదట కనపడింది రైల్వే స్టేషనులో. రైల్వే వారి క్రిస్ సంస్థ తయారుచేసిన కన్సర్ట్ అనే రిజర్వేషను ప్రోగ్రాంను 1994లో మొదట సికిందరాబాదులో నడిపించారు. ఆ తర్వాతనే మిగతా నగరాలకు తీసుకుపోయి, 1999లో అయిదు కేంద్రాలనూ కలిపారు. కొత్త పద్ధతిని ఒకచోట నడిపి, లోపాలు సవరించి, తర్వాత అన్నిచోట్ల పెట్టడం పరీక్షలో ముఖ్యమైన భాగం. మన సర్కారులోనూ కొత్త ఫారాన్ని ముందు ఒక తాలూకాలో నడిపి చూసేవారు.

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ అనే పథకం మొదలై రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాయి. చేత్తో ఎత్తి రాయడం పోయి దస్తావేజును స్కాన్ చేయడం వచ్చింది. నకలు యంత్రమే తీస్తుంది గనుక అక్షరం జారే భయం లేదు. అయితే ఈసీ కావాలంటే పాత లావాదేవీల వివరాలు కంప్యూటరులో ఉండాలి. అందుకు 1983 నుండి ఉన్న వివరాలను రిజిస్టర్ల నుండి టైపు చేసి ఎక్కించవలసి వచ్చింది. అంటే ముకాబలా అవసరం పోలేదు, చోటు మారిందంతే.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఆఫీసు పేరు, మనుషుల పేర్లు అవసరం లేదు.

1990ల చివర మా ఆఫీసు సిబ్బంది సర్వీసు వివరాలను కంప్యూటరులో ఎక్కించారు. టైపు చేసినది బయటి మనిషి. ప్రింటు తీసిన కాగితాలు నా బల్ల మీదకు వచ్చాయి. సర్వీసు రిజిస్టర్లతో సరిచూసి అడుగున సంతకం చేయాలి. ఆ రోజు సాయంత్రానికే పంపాలన్నారు. మొదటి నాలుగైదు పేజీలు చూశాను, ఒక్క తప్పూ లేదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చేతిరాత అయితే అనుమానపడేవాణ్ణి. కంప్యూటరు అచ్చు చూసి నమ్మకం కుదిరింది. మిగతా పేజీలకు చదవకుండానే సంతకాలు పెట్టాను.

మాతో పనిచేసే జూనియర్ అసిస్టెంటు ఒకాయన పుట్టింది 1942 నవంబరు 3న. టైపు చేసినాయన తేదీని, నెలను తారుమారు చేశాడు. 3-11 కాస్తా 11-3 అయింది. ఆ కాగితం ప్రకారం ఆయన 2000 నవంబరు ఆఖరున కాక మార్చి ఆఖరునే రిటైర్ కావాలి. జాబితా వచ్చినప్పుడు తప్పు బయటపడింది. రాతకోతలు నడిచాయి. సవరణ ఉత్తర్వు సమయానికి రాలేదు. ఆయనను ఇంటికి పంపారు. రెండు నెలలకు ఉత్తర్వు వచ్చి మళ్ళీ విధుల్లో చేరాడు. ఆ రెండు నెలల జీతం తేలడానికి, ఆ తర్వాత పెన్షను కాగితాలు కదలడానికి చాలా కాలం పట్టింది. అదే ఏడాది ఆయన బిడ్డ పెండ్లి ఉండె. అప్పు తెచ్చుకున్నాడు.

నేను వాళ్ళింటికి పోయి తప్పు నాదేనని చెప్పాను. ఆయన కోపం చేయలేదు. "కింద మీ సంతకం ఉన్నది గద సారూ, మీరు చూసిన్రనుకున్న" అన్నాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణేమో.

రెండు అంకెల భయం

అదే 2000 సంవత్సరం గురించి ప్రపంచమంతా భయపడ్డది. పాత ప్రోగ్రాంలలో చోటు కలిసి వస్తుందని సంవత్సరానికి రెండు అంకెలే రాసేవారు. 99 తర్వాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుంది. వడ్డీలు, వయస్సులు, గడువులు అన్నీ తలకిందులవుతాయి. దీనికే వైటూకే అని పేరు పడింది. దీనిలో ఇంకొక చిక్కు కూడా ఉండె. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 లీపు సంవత్సరం. శతాబ్దపు సంవత్సరం 400తో భాగించబడితేనే లీపు అవుతుంది. కనుక జనవరి 1 దాటినా ఫిబ్రవరి 29 పరీక్ష మిగిలే ఉండె.

కోబాల్ వంటి పాత భాషల్లో రాసిన లక్షల వరుసలను చదివి, తేదీ ఉన్న ప్రతి చోటు వెదికి, దిద్ది, యంత్రం గడియారాన్ని ముందుకు తిప్పి నడిపి చూసే పని చాలా మటుకు భారతదేశానికి వచ్చింది. మన తెలుగు పిల్లలు ఎందరో దాని మీదనే అమెరికా పోయారు. ఆ రోజు రాత్రి పెద్ద ఉపద్రవం ఏదీ జరగలేదు. జరగలేదు గనుక అదంతా వట్టి హడావిడి అన్నవారున్నారు. ఆ మాట సరికాదని నా అభిప్రాయం. సరిచూసేవాడి పని సక్రమంగా జరిగితే ఏమీ జరగదు. అందుకే ఆ పని ఎవరికీ కనపడదు.

అమీర్‌పేట చదువు

మా అన్న కొడుకు 2003లో డిగ్రీ చేతబట్టుకుని అమీర్‌పేటకు పోయాడు. మైత్రీవనం చుట్టుపక్కల గల్లీల్లో గోడ కనపడకుండా బ్యానర్లు. జావా, ఒరాకిల్ పక్కన "టెస్టింగ్ టూల్స్" అనే మాట. ఒక్కొక్క గదిలో వందమందికి పైగా పిల్లలు. కాలేజీలో వినని మాటలు వాడు అక్కడ నేర్చుకున్నాడు.

అప్పట్లో పేరున్న సాధనం మెర్క్యురీ అనే కంపెనీ వారి విన్‌రన్నర్. మనిషి కంప్యూటరు మీద చేసే నొక్కుడు, టైపు అంతా అది గుర్తుపెట్టుకుని, మళ్ళీ తనంతట తాను అట్లే చేసి, రావలసిన ఫలితం వచ్చిందా లేదా అని పోలుస్తుంది. ప్రోగ్రాంలో ఒకచోట దిద్దితే ఇంకొకచోట చెడవచ్చు. కనుక దిద్దినప్పుడల్లా పాత పరీక్షలన్నీ మళ్ళీ చేయాలి. మనిషికి విసుగు పుడుతుంది, నాకు పుట్టినట్టే. యంత్రానికి పుట్టదు. అదే కంపెనీ వారి ఇంకొక సాధనం క్యూటీపీ. 2006లో ఆ కంపెనీని హెచ్‌పీ వారు కొన్నారు.

వీటికి డబ్బు కట్టాలి. 2004లో చికాగోలో థాట్‌వర్క్స్ అనే కంపెనీలో పనిచేసే జేసన్ హగ్గిన్స్ వెబ్‌సైట్లను పరీక్షించే ఒక సాధనం తయారు చేశాడు. అది తర్వాత అందరికీ ఉచితంగా అందింది. దాని పేరు సెలీనియం. మెర్క్యురీ అంటే పాదరసం, పాదరసపు విషానికి సెలీనియం విరుగుడు అనే చమత్కారం మీద ఆ పేరు పెట్టారు. ప్రోగ్రాం రాసేవారు తమ ముక్కను తామే వెంటనే పరీక్షించుకోవడానికి జేయూనిట్ అనే సాధనం ఉంది. దాన్ని 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు జ్యూరిక్ నుండి అట్లాంటాకు పోతూ విమానంలో కూర్చుని మొదలుపెట్టారు. అయినా ఇంకొకరు చూడాలనే నియమం పోలేదు.

దొరికిన తప్పుకు ఒక నంబరు వేసి జాబితాలో ఎక్కిస్తారు. రాసినవాడు దిద్దానంటే సరిపోదు. పట్టుకున్నవాడు మళ్ళీ చూసి ఒప్పుకుంటేనే అది మూతపడుతుంది. ఆడిటు పేరాలు మనకు తెలియనివా? జవాబు రాసినంత మాత్రాన పేరా డ్రాప్ కాదు, ఆడిటు వారు ఒప్పుకోవాలి.

జ్ఞా చేసిన పని

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. ఐఫోనుకు ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే సందేశాలు చూపే ప్రోగ్రాం మూతపడేది. కొన్ని సందర్భాల్లో ఫోనే మొరాయించేది. అది జ్ఞానంలోని జ్ఞా. మామూలుగా రాసిన జ్ఞా కాదు. జకారం, దాని కింద ఞకారపు ఒత్తు, ఆ తర్వాత కంటికి కనపడని ఒక సంకేతం, దాని వెంట దీర్ఘం. ఆ వరుసలో వస్తే అక్షరాన్ని తెర మీద కూర్చే ప్రోగ్రాం తికమకపడి ఆగిపోయేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇటువంటి వరుసలు కొన్ని బయటపడ్డాయి. ఆపిల్ కంపెనీ వారు ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేశారు.

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుండే స్థానం ఉంది. స్థానం ఉండడం వేరు, ఆ లిపిని ఒత్తులతో, దీర్ఘాలతో, అరుదైన కలయికలతో సహా నడిపి చూడడం వేరు. ఇంగ్లీషులో చేసిన పరీక్షలన్నీ నెగ్గినా మన ఒత్తు దగ్గర యంత్రం బోర్లా పడ్డది. ఏ భాష వాడుకుంటుందో ఆ భాష తెలిసినవాడు కూర్చుని సరిచూడాలని ఈ సంఘటన చెబుతుంది. తెలుగు చదువుకున్న పిల్లలకు ఈ పనిలో అవసరం ఉందని నేను మావాడితో అంటూ ఉంటాను.

ఇప్పుడు ప్రోగ్రాంలను కూడా యంత్రమే రాస్తున్నది, కృత్రిమ మేధ వచ్చింది. అది రాసినదీ ముత్యాల్లాగే ఉంటుందని మావాడు చెబుతాడు. ముత్యాల్లాంటి అచ్చు చూసి సంతకం పెట్టినవాణ్ణి గనుక నాకు ఆ మాట వింటే భయం. రాత ఎంత చక్కగా ఉంటే చదివేవాడు అంత జాగ్రత్తగా చదవాలి.

మిత్రులకు ఒక మనవి. పీపీఓ కాగితం, బ్యాంకు పుస్తకం, ఆధార్, ఈ మూడింటిలో మీ పేరు, పుట్టిన తేదీ, కుటుంబ పెన్షను పొందవలసినవారి పేరు ఒక్కతీరుగా ఉన్నాయో లేదో ఈ వారంలోనే చూసుకోండి. మీరే చూడవద్దు. మనుమడో మనుమరాలో పైకి చదువుతుంటే మీరు వేలు పెట్టి చూడండి. 2014 నుండి జీవన్ ప్రమాణ్ వచ్చి ఇంట్లో కూర్చునే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే వీలు కలిగింది, మంచిదే. బొటనవేలు పెట్టేముందు తెర మీద ఉన్నది పూర్తిగా చదవండి. మనకేమైనా అయితే ఆ కాగితాలు పట్టుకుని తిరగవలసింది మన ఇంటి ఆడవాళ్ళు.

ఆ జూనియర్ అసిస్టెంటు మిత్రుడు ఇప్పుడు లేడు. నేను ఏ కాగితం మీద సంతకం చేసినా, చివరకు కరెంటు బిల్లు అయినా, మొదటి నుండి ఆఖరి వరకు చదువుతాను. ఈ వ్యాసాన్ని కూడా మా కోడలు పైకి చదువుతుంటే నేను చిత్తుప్రతి మీద వేలు పెట్టి చూశాను. ఆరు తప్పులు దొరికాయి. దిద్ది పంపుతున్నాను. సెలవు.